గంగమ్మకు పుస్తకం లేదు

ఆయన పోయిన పన్నెండో రోజు వదిన ఫోన్ చేసింది. ఏడుపు గొంతు కాదు, వచ్చినవాళ్లందరినీ సాగనంపి ఒక్కతే కూర్చున్న మనిషి గొంతు.

"మీ అన్న కంప్యూటరు ఈడే పడుండాదిమ్మా. పాతసామాన్ల గుజిరీవాడు అడిగినాడు గానీ ఇచ్చేకి మనసు రాలా. నువ్వయితే వాడుకుంటావు. వచ్చి ఎత్తుకుపో."

మీ అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. గోరంట్ల బస్టాండు వెనక వీధిలో బోరు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు చేసి అమ్మిన మనిషి. ఎనిమిదేళ్లు ఆయన షాపులో పని చేశాను. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివి, పెళ్లయి, ఈ ఊరికి కాపురానికొచ్చి, ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేటట్టుందని వెళ్లి పనడిగాను. మారుమాట లేకుండా సోల్డరింగ్ కడ్డీ చేతికిచ్చాడు. ఊరంతా ఆయన్ను అన్న అనేది. నేనూ అన్నా అనేదాన్ని. పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు, ఇప్పుడు రాయబోవడమూ లేదు. పేరు రాస్తే ఎవరో ఒకరు దండ వేస్తారు. వేసిన దండలు చాలు.

మనిషిని సరిగ్గా చెప్పకపోతే నా కోపం మీకు అందదు. అందుకని మంచి సంగతులే ముందు చెబుతాను. చాలా ఉన్నాయి. అదే నా ఏడుపు.

పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్ ఉండేది. మా వైపు నీళ్లు ఎక్కడో పాతాళంలో ఉంటాయి. వెయ్యి అడుగుల బోరు వేసి, దాంట్లోకి మోటారు దించి, ఆ మోటారు నడిచినన్నాళ్లూ బతుకు నడుస్తుంది. అది ఆగితే రైతు నేరుగా అన్న షాపుకొచ్చేవాడు. అన్న తువాలు తడిపి నెత్తిన వేసుకొని, ఎంత ఎండయినా అప్పటికప్పుడు బైకెక్కేవాడు. బోరు దగ్గర మొదట మీటరు తీసేవాడు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను పైపుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గు కూడా ఆపుకునేవారు. కాసేపటికి కళ్లు తెరిచి, "బురద లాగుతాంది. రెండు పైపులు పైకి తీయండప్పా," అనేవాడు. తీసి చూస్తే ఆయన చెప్పిందే నిజం.

మాట మాత్రం కత్తెర. మోటారు కాలిపోయిందని ఒకాయన షాపు ముందు కేకలు వేస్తుంటే, "ఏమప్పా, కాలింది మోటరా, నువ్వా? పొగ నీ దగ్గర్నుంచే వస్తాండాది," అన్నాడు. కేకలేసిన మనిషే నవ్వేసి మెట్ల మీద కూర్చున్నాడు. అన్న ఆయనకు టీ చెప్పాడు.

ఆ టీ సంగతి కూడా చెప్పాలి. ఒక టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పంచుకోవడం ఇక్కడి అలవాటు, వన్ బై టూ అంటాం. అన్న పంచితే అది ఎప్పుడూ సమానంగా రాలేదు. ఎదుటివాళ్ల గ్లాసు నిండేది, ఆయన గ్లాసులో అడుగు కనబడేది. "పెద్ద సగం నీదిమ్మా," అని నా వైపు జరిపేవాడు. ఎనిమిదేళ్లలో ఒక్కరోజు కూడా ఆయన పెద్ద సగం తాగగా నేను చూడలేదు.

ఇక గంగమ్మ.

స్టార్టర్ పెట్టె లోపల గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. మోటారు ఎంత కరెంటు లాగుతోందో అది క్షణక్షణం చూస్తూ, ఎక్కువ లాగితే ఆపేస్తుంది. ఎప్పుడు ఆపాలో, ఎట్లా ఆపాలో చిప్పుకు ఒక్కో పని ఒక్కో మాటగా రాసి చెప్పాలి. ఆ భాషను అసెంబ్లీ అంటారు. మనం రాసినదాన్ని చిప్పుకు ఎక్కేటట్టు మార్చే సాఫ్ట్‌వేరును అసెంబ్లర్ అంటారు. డబ్బు పెట్టి కొనుక్కునేవి ఉన్నాయి, ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. మా షాపులో ఉన్నది ఉచితంగా దొరికినదే. అన్న దాన్ని గంగమ్మ అనేవాడు.

ఊరికే అనడం కాదు. కంప్యూటర్లో దాని పేరే గంగమ్మ అని ఉండేది. ఆ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, రాసింది సరిగ్గా ఉంటే "గంగమ్మ నవ్వినాది" అని తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చేది. తప్పుంటే "గంగమ్మ అలిగినాది, 12వ వరుస" అని వచ్చేది. అంతే. అంతకు మించి ఒక్క అక్షరం ఉండేది కాదు. మొదటిసారి చూసినప్పుడు నేను పడీపడీ నవ్వాను. బోరులో నీళ్లు పడితే గంగమ్మకు టెంకాయ కొట్టే మనుషులం. ఆ నీళ్లను కాపాడే పెట్టెకు ఆ తల్లి పేరు పెట్టుకున్నాడంటే ఎంత మురిసిపోయానో! మధ్యాహ్నం సంగటి తినేందుకు ఇంటికి పోతూ మానిటర్ మీద ఎర్ర తువాలు కప్పి, "గంగమ్మ నిద్రపోతాండాది, కదిలించాకండి," అనేవాడు. అది కూడా ముద్దుగానే ఉండేది. నా అంత తిక్కది ఇంకెవరైనా ఉంటారా!

చేరిన ఏడాదికే అడిగాను. "అన్నా, దీనికి పుస్తకం ఉంటాది కదా? ఏ మాట ఎట్ల రాయాలో, ఏ గుర్తు యాడ పెట్టాలో చెప్పేది?"

"పుస్తకమా?" స్టూలు మీద కూర్చొని చిప్పు కాళ్లు సరిచేస్తున్నవాడు తల ఎత్తలేదు. "ఎవరో పుణ్యాత్ములు ఊరికే ఇచ్చినారమ్మా. ఊరికే ఇచ్చేటోడు కూర్చోని పుస్తకం గూడా రాసిస్తాడా? గంగమ్మకు పుస్తకం లేదు. అంతా నోటిమాటే."

"మరి నీకెట్ల వచ్చిందన్నా?"

"తన్నులు తిని నేర్చుకున్యా. నీకు నేనుండాను గదా, నీకేల తన్నులు?"

అట్లా మొదలైంది నా చదువు. రోజుకు ఒక్క మాట కూడా కాదు, ఆయనకు బుద్ధి పుట్టిననాడు ఒక మాట. షట్టర్ లోపలివైపు సుద్దముక్కతో రాసేవాడు. నేను చదివి, అప్పజెప్పి, అది ఏం చేస్తుందో చెప్పాలి. చెప్పగానే అరచేత్తో తుడిచేసేవాడు. చీర కొంగున పెన్ను కట్టుకొని తిరిగి, ఆయన అటు పోగానే నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఆ చిప్పుకు ఉన్నవే ముప్పయిఅయిదు మాటలు. మూడేళ్లలో నాకు దక్కినవి పంతొమ్మిది. అంకెలు వచ్చేచోట మాత్రం ఖాళీ వదిలేయమనేవాడు. "అంకెల సంగతి నేను చూసుకుంటా, నువ్వు మాటలు రాయి," అనేవాడు. అంకెలన్నీ వేరే ఫైల్లో ఉండేవి, అది నా ముందు ఎప్పుడూ తెరవలేదు.

నేనూ ఊరికే లేను. వెతికాను. ఫోన్లో వెతికాను, హిందూపురం నెట్ సెంటర్‌లో కూర్చొని వెతికాను. గంగమ్మ అసెంబ్లర్ అని కొడితే జాతర వీడియోలు వచ్చాయి. నెట్ సెంటర్ పిల్లోడు నా వెనక నిలబడి, "అక్కా, పూజసామాన్లు కావాల్నా?" అని అడిగాడు. వేరే అసెంబ్లర్ల పుస్తకాలు దొరికాయి, కావలసినన్ని. కానీ ఒక్కో అసెంబ్లర్‌ది ఒక్కో రాత. ఒకదాని పుస్తకం చూసి రాస్తే ఇంకొకటి ఒప్పుకోదు. అట్లా రాసిన ప్రతిసారీ గంగమ్మ అలిగింది. దీని అసలు పేరేందన్నా అని ఒకనాడు నిలదీసి అడిగితే, "అసలు పేరే గంగమ్మ. మా అమ్మ పేరు గూడా అదే," అన్నాడు. తల్లి పేరని చెప్పిన మనిషిని ఇంకేం అడుగుతాం?

ఇంత పట్టుదల నాకెందుకంటే, మా నాయన బోరు కోసం. గోరంట్లకు దగ్గరే మా పుట్టినూరు. నాయనకున్నది ఒక్క బోరు. ఎండాకాలంలో నీళ్లు అడుగుకు దిగితే మోటారు బురద లాగి, లోపల రెక్కలు పట్టుకుపోయేవి. కదల్లేని మోటారు కరెంటు ఇంకా ఇంకా లాగి కాలిపోయేది. రెండుసార్లు కాలింది. అందరికీ ఒకటే రకంగా చేసిన పెట్టె కాకుండా, ఆ బోరు గుణం తెలిసిన పెట్టె చేసివ్వాలని నా పంతం. కూతురు చదివిన డిప్లొమా ఎందుకు పనికొచ్చిందని నాయనను ఊళ్లో ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగుతూనే ఉండేవాళ్లు. నాయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

నాలుగో ఏడు రాశాను. మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా నేనే. వరుసల పక్కన నాకోసం గుర్తుగా చిన్న చిన్న మాటలు కూడా రాసుకున్నాను, చిప్పు వాటిని పట్టించుకోదు. అన్నిటికంటే పైన "నాయన మోటారు కోసం" అని రాశాను. మధ్యలో ఒకచోట "ఇక్కడ నాయన బటన్ నొక్కుతాడు" అని రాశాను. గంగమ్మ మొదటిసారే నవ్వింది. ఆ మాట తెరమీద చూసి నాకు కళ్లనీళ్లొచ్చాయి.

కాగితం మీద అంతా తీసి అన్న చేతికిచ్చాను. ఆయన చదువుతున్నంతసేపూ చూపుడువేలు వరుసల వెంట దిగుతూ వచ్చింది. ఒకచోట ఆగింది. కరెంటు కొలత ఎనభై దాటితే మోటారు ఆపమని నేను రాసిన వరుస అది. వేలు అక్కడే కాసేపు ఉంది. 

"ఏమన్నా తప్పుండాదా అన్నా?"

వేలు తీసేశాడు. కాగితాన్ని రెండు మడతలు పెట్టి తన జేబులో పెట్టుకున్నాడు. "బాగుండాది. పోయి పెట్టుకో పో."

మూడోరోజు నాయన పొలంలో పెట్టె బిగించాను. షాపులో బల్లమీద పెట్టి కరెంటు పూర్తిగా పెంచి చూస్తే టక్కున ఆగింది కాబట్టి నాకే అనుమానమూ లేదు. నాయన ఊళ్లో నలుగురిని పిలుచుకొచ్చి చూపించాడు. "లోపల అంతా మా పాపే రాసింది. ఇంగ్లీషు గాదు, తెలుగూ గాదు, మోటరు భాష," అన్నాడు. అంతగా మాట్లాడటం ఆయన జన్మలో అదే మొదలు. పెట్టెకు పసుపు, కుంకుమ పెట్టాడు.

ఇరవై రోజులు నడిచింది. ఇరవై ఒకటోనాడు మోటారు బురద లాగి పట్టుకుంది. నా పెట్టె చూస్తూ ఊరుకుంది. నేను పోయేసరికి బోరు దగ్గర కాలిన వార్నిషు వాసన. మోటారు పైకి లాగి, కొత్త తీగ చుట్టించుకొని, మళ్లీ దించేసరికి పదకొండు రోజులు పట్టింది. ఎండాకాలం కదా, తీగ చుట్టేవాళ్ల దగ్గర అందరి మోటార్లూ వరసలో ఉన్నాయి. నాయన వేసింది వేరుశనగ. పూత రాలి, కాయ కట్టడానికి ఊడలు మట్టిలోకి దిగే సమయం. తడి లేక నేల గట్టిపడింది, ఊడలు మట్టిలో దిగకుండా గాలిలోనే ఎండిపోయాయి. పశువులకు మేతగా కూడా సగమే పనికొచ్చింది.

నాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెట్టె విప్పి, తువాల్లో చుట్టి నా చేతికిచ్చాడు. "నీకేలమ్మా ఈ రాసేవన్నీ. అతుకులు బాగా పెడ్తావంట గదా, అది చేసుకో," అన్నాడు.

మోటారు మళ్లీ దించిన సాయంత్రమే అన్న వచ్చాడు. ఎవరూ పిలవలేదు. బైకు వెనక తన పెట్టె కట్టుకొని తానే వచ్చి, తానే బిగించాడు. నాయన దుడ్లు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "పాప నాయనవి, నీ దగ్గర తీసుకుంటానా? ఆ పిల్ల చెయ్యి బంగారమప్పా. చిన్న తప్పు, ఎవరికైనా అవుతాది. ఏమీ అనాకు," అన్నాడు. నాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. వయసులో తనకన్నా చిన్నవాడికి మా నాయన దండం పెట్టడం నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు షాపులో అడిగాను. "ఏడ తప్పు చేసినానన్నా? నూరుసార్లు చూసుకున్నా. ఎనభై అనే రాసినా."

"గంగమ్మ అందరికీ పలకదులేమ్మా. బాధపడాకు." తలమీద చెయ్యి పెట్టాడు. టీ చెప్పాడు. పెద్ద సగం నా వైపు జరిపాడు.

నేను తాగాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండేది దానికే. తాగాను, కళ్లు తుడుచుకొని సోల్డరింగ్ కడ్డీ పట్టుకున్నాను. మళ్లీ నాలుగేళ్లు ఒక్క వరుస కూడా రాయలేదు. ఆ ఏడాది నుంచి అన్న పెట్టెలకు పేరొచ్చింది. బురదకు ఆగే పెట్టె అని కదిరి వైపు నుంచి కూడా వచ్చి తీసుకుపోయేవారు. చిప్పులు ఆయన సిద్ధం చేసిచ్చేవాడు, నేను బోర్డుల్లో అతికేదాన్ని. తర్వాత ఆయనకు జబ్బు చేసి షాపు మూతపడింది. ఈ మధ్య పోయాడు.

సరే, వదిన పిలిచింది కదా, పోయాను. టీ పెట్టి రెండు గ్లాసుల్లో పోసింది. అలవాటేమో, ఎక్కువ ఉన్న గ్లాసే నా ముందుకు జరిపింది. "ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు చెప్పినాడమ్మా. కంప్యూటరు ఆ పాపకే ఇయ్యి, ఎవరికీ ఇయ్యాకు అని. నువ్వంటే అంత ప్రాణం," అంది. నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నిజంగానే పెట్టుకున్నాను. ఆటోలో కంప్యూటరును ఒళ్లో పెట్టుకొని ఇంటికొచ్చాను.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఆన్ చేశాను. ఎర్ర తువాలు కప్పేవాళ్లు లేరు కాబట్టి మొదటిసారి గంగమ్మ లోపలికి పోయి చూశాను. అన్న తయారు చేసింది నాలుగు వరుసల చిన్న ఫైలు మాత్రమే. దానికి గంగమ్మ అని పేరు పెట్టి, వెనక అసలు అసెంబ్లర్‌ను పిలిపించి, అది చెప్పే మాటలన్నీ మింగించి, నవ్వినాది, అలిగినాది అని రెండే రెండు ముక్కలు బయటికి వదిలించాడు. అసలుది పక్క ఫోల్డర్‌లో ఉంది, తన సొంత పేరుతో. ఆ పేరు తెలిసుంటే నెట్ సెంటర్‌లో రెండు నిమిషాల పని.

దాని పక్కనే ఇంకో ఫోల్డర్. అందులో పుస్తకం.

గంగమ్మకు పుస్తకం ఉంది. నూరు పేజీలకు పైనే ఉంది. అసెంబ్లర్ ఎవరు రాశారో వాళ్లే రాసి, దాంతోపాటే కట్టి ఇచ్చిన పుస్తకం. ఊరికే ఇచ్చినవాళ్లు పుస్తకం కూడా ఊరికే ఇచ్చారు. మొదటి పేజీలోనే ఉంది: దీన్ని ఎవరైనా చదవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు, అచ్చు వేసి పంచచ్చు. తర్వాత ముప్పయిఅయిదు మాటలూ వరుసగా, ఒక్కోదానికి ఉదాహరణతో సహా ఉన్నాయి. నేను కొంగున పెన్ను కట్టుకొని మూడేళ్లు ఏరుకున్న పంతొమ్మిది మాటలు అందులో ఎనిమిది పేజీలు కూడా లేవు. ఒక పూట చదువు. ఒక్క పూట!

చదువుతూ పోయాను. అంకెల పేజీ వచ్చింది. ప్రత్యేకంగా చెప్పకపోతే ఈ అసెంబ్లర్ అంకెలను మనలా పదుల లెక్కలో చదవదట, పదహార్ల లెక్కలో చదువుతుందట. పదుల్లో చదవాలంటే అంకె ముందు ఒక గుర్తు పెట్టాలట. గోడవైపు చూస్తూ లెక్క వేశాను. నేను ఎనభై అని రాసింది దానికి ఎనిమిది పదహార్లు. నూట ఇరవై ఎనిమిది. మిగతా నా అంకెలన్నీ పదిలోపువి, వాటికి ఏ లెక్కయినా ఒకటే. ఆ ఒక్క అంకె. ఎనభై దగ్గర ఆగాల్సిన పెట్టె నూట ఇరవై ఎనిమిది కోసం కాచుకొని కూర్చుంది, అంతలో మోటారు కాలిపోయింది.

వేలు ఆగింది అక్కడే.

అయినా మనసు ఒప్పుకోలేదండి. చూసుండడు, తట్టి ఉండదు అనుకున్నాను. ఎనిమిదేళ్లు అన్నా అని పిలిచిన నోరు కదా, ఆయన తరఫునే వాదిస్తుంది. ఇంకో ఫోల్డర్ తెరిచాను. కొత్త పెట్టెల ప్రోగ్రాము అందులో ఉంది. పైన ఆయన పేరు, షాపు పేరు. కింద మొదటి వరుస చదివాను. నా వరుస. రెండోదీ నాదే. నేను పేర్లు పెట్టిన పద్ధతి, నేను ఖాళీలు వదిలే పద్ధతి. "నాయన మోటారు కోసం" అన్నది చెరిపేశాడు. మధ్యలో "ఇక్కడ నాయన బటన్ నొక్కుతాడు" అన్నది మాత్రం చెరపడం మరిచిపోయాడు. మార్చింది ఒక్కటే. ఎనభై ముందు గుర్తు పెట్టాడు.

ఆ ఫైలు దాచిన తేదీ చూశాను. నేను కాగితం ఇచ్చిన మర్నాటిది. నాయన పొలంలో నేను పెట్టె బిగించడానికి ఒకరోజు ముందుది.

అంటే తెలుసు. తప్పు తెలుసు, దిద్దడం తెలుసు, తనకోసం దిద్దుకున్నాడు కూడా. నాతో మాత్రం పోయి పెట్టుకో పో అన్నాడు. మా నాయన చేను ఎండిపోయేదాకా నోరు విప్పలేదు. తర్వాత నా ప్రోగ్రామునే తన పెట్టెలో పెట్టి తెచ్చి మా నాయన చేత దండం పెట్టించుకున్నాడు. నాలుగేళ్లు నా రాతనే నా చేతులతో నేనే బోర్డుల్లో అతికాను, అన్న ఎంత బాగా రాస్తాడో అనుకుంటూ.

ఎందుకన్నా? పుస్తకం చేతికిస్తే ఎదురుగా షాపు పెట్టుకుంటాననుకున్నావా? ఒక్క మాట అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని కదా, నీ పేరే రాసుకో అనేదాన్ని కదా. కంప్యూటరు నాకే ఇమ్మని చెప్పి పోయావట. అది క్షమాపణ అయితే నాకొద్దు. బతికుండగా ఎదురుగా కూర్చొని చెప్పలేని మాటను చచ్చాక ఆటోలో నా ఒళ్లో పెట్టి పంపిస్తావా? మోసం చేశావన్నా. టీలో పెద్ద సగం నాకిచ్చి, మిగతాదంతా నువ్వు ఉంచుకున్నావు.

కోపంతో ఆ పుస్తకాన్ని తీసి మెకానిక్కుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరికి కావాలంటే వాళ్లు చదువుకోండి, ఇది అందరిదీ అని రాశాను. పదిమంది దండం బొమ్మలు పెట్టారు. ఒకాయన రాశాడు: "అన్న పోయినా అన్న చదువు మాకిస్తాండావు. చాలా సంతోషమక్కా." తలబాదుకోవడం ఒక్కటే తక్కువ.

కనీసం నాయనకైనా తెలియాలనుకున్నాను. తెల్లారి పొలానికి పోయాను. నాయన బోరు దగ్గర కరెంటు కోసం కూర్చొని ఉన్నాడు. పెట్టె మీద అన్న షాపు స్టిక్కరు, దాని మీద పండక్కి పెట్టిన కుంకుమ ఇంకా ఉంది.

"ఆ పెట్టె పెట్టినాంక ఒక్కసారన్నా కాలిందామ్మా మోటరు?" అన్నాడు నాయన నన్ను చూడగానే. "మారాజు. అట్లాంటోళ్లను తొందరగా ఎత్తుకపోతాడు దేవుడు."

"నాయనా, ఆ పెట్టె లోపల ఉండేది నేను రాసిందే."

ఆయనకు అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పాను. పుస్తకం దాచిన సంగతి, పదహార్ల లెక్క, వేలు ఆగిన వరుస, దిద్దుకున్న తేదీ. అంతా చెప్పాను. నాయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. 

"నీది కాలిపాయ గదమ్మా," అన్నాడు.

"ఒక్క అంకెకు నాయనా. ఆ అంకె తప్పని ఆయనకు తెలుసు. తెలిసీ చెప్పలా."

నాయన చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. తర్వాత గొంతు తగ్గించి, చిన్నప్పుడు నేను అబద్ధం చెబితే బుజ్జగించినట్టే చెప్పాడు. "సచ్చినోని మీద అట్ల చెప్పద్దమ్మా. ఆయప్ప నీ గురించి ఎప్పుడూ మంచే చెప్పినాడు."

అంతలో కరెంటు వచ్చింది. పెట్టె మీద మూడు దీపాలు వెలిగాయి. నాయన లేచి, తువాలుతో చెయ్యి తుడుచుకొని పెట్టె ముందుకు పోయాడు. ఇక్కడ నాయన బటన్ నొక్కుతాడు అని రాసుకున్నాను కదా. నాయన బటన్ నొక్కాడు. మోటారు అందుకుంది, పైపులోకి నీళ్లొచ్చాయి. నాయన రెండు చేతులూ ఎత్తి ఆ స్టిక్కరుకు దండం పెట్టాడు.